వియన్నాలో చివరి మూడు రోజులు

ప్రయాణంలో మొదటి రోజులకు జరిగే మర్యాద చివరి రోజులకు జరగదు. మన పెళ్ళిళ్ళు చూడండి. ఎదురుకోలునాడు వున్న సందడి అప్పగింతల నాటికి వుంటుందా? ఒక పక్క పందిరి విప్పేవాళ్ళు, ఒక పక్క అద్దెకు తెచ్చిన గుండిగల లెక్క, మరో పక్క రైలు టైమైపోతోందని కేకలు. ఊళ్ళు చూడబోయినవాళ్ళ సంగతీ అంతే. దిగిన రోజున ట్రాముబండి గంట కూడా వింతగానే వుంటుంది. తిరుగు ప్రయాణం మూడు రోజులుందనగా మనసు సగం పెట్టెలు సర్దడంలో పడుతుంది. మిగతా సగం "అయ్యో, ఇంకా అది చూడలేదే" అనే బెంగలో పడుతుంది. రెండు సగాలూ పోగా ఊరు చూడటానికి మిగిలేది ఏముంటుంది చెప్పండి!

ఈమధ్య మన ఇళ్ళల్లో యూరప్ వెళ్ళివచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. పిల్లలు అక్కడ ఉద్యోగాల్లో వుండటంవల్ల కొందరు, రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత తీసి కొందరు వెళుతున్నారు. పది రోజుల్లో ఏడు దేశాలు చుట్టి వచ్చి, ఫోటో చూపించి "ఇది ఏ ఊరమ్మా?" అంటే "బ్రస్సెల్సో, బెర్లినో" అని తడుముకునేవాళ్ళని నేనెరుగుదును. అందుకని ఈ వారం ఒక్క ఊరి సంగతే చెబుతాను. ఆ ఊళ్ళోనూ మా ఇద్దరి చివరి మూడు రోజుల సంగతే చెబుతాను. ఊరు వియన్నా. ఆస్ట్రియా దేశానికి రాజధాని.

వియన్నాలో మేము వారం రోజులు వున్నాము. మొదటి నాలుగు రోజుల్లో అందరూ చూసేవి చూశాము. షోన్‌బ్రున్ రాజప్రాసాదంలో 1441 గదులున్నాయంటే, అవన్నీ తుడిచేవాళ్ళ అవస్థ తలచుకుని జాలిపడ్డాను. అదృష్టవశాత్తూ మనబోటివాళ్ళకి చూపించేవి కొన్నే! ఆరేళ్ళ మోజార్టు 1762లో మహారాణి మరియా తెరీసా ఎదుట పియానో వంటి వాద్యం వాయించి మెప్పించింది ఆ ప్రాసాదంలోనే. ప్రాటర్ తోటలో 1897లో కట్టిన పెద్ద రంగులరాట్నం ఎక్కాము. దానికి ఉయ్యాలలు కాదు, రైలుపెట్టెల్లాంటి గదులే వేలాడుతూంటాయి.

ఐదోరోజు పొద్దున్న మావారు తన జాబితా బయటికి తీశారు. ఆయన బ్యాంకులో లెక్కలు చూసి రిటైరైన మనిషి. ప్రయాణానికి నెలరోజుల ముందే అరఠావు కాగితంమీద నెంబర్లు వేసి, చూడవలసినవన్నీ రాసుకున్నారు. ఇంకా పంతొమ్మిది మిగిలాయి. "రోజుకి ఆరు చొప్పున చూస్తే పద్దెనిమిది. ఆ ఒక్కటీ విమానం ఎక్కేరోజు పొద్దున్న చూసెయ్యవచ్చు" అన్నారు.

"ఏమండీ, నా మోకాళ్ళు రోజుకి ఆరు ఒప్పుకోవు" అన్నాను.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాము. రోజుకి రెండే రెండు. ఒకటి ఆయన కోరినది, ఒకటి నేను కోరినది. మధ్యాహ్నాలు ఎక్కడో ఒకచోట కూచోవడం.

ఇక్కడ మరొక విషయం చెప్పాలి. మావారికి రెండేళ్ళుగా వినికిడి తగ్గుతూ వస్తోంది. వయసుతో వచ్చే చెవుడు ఒక్కసారిగా రాదు. లోపలి చెవిలో సన్నటి శబ్దాలను పట్టుకునే కణాలు ముందు దెబ్బతింటాయి. అందుకని ముందుగా పిట్టల కూతలు పోతాయి, తరవాత పసిపిల్లల మాటలు పోతాయి. మాటల్లో అచ్చులు బాగానే వినిపిస్తాయి కాని హల్లులు జారిపోతాయి. మా ఇంట్లో "నా చెప్పు ఎక్కడుందండీ?" అంటే "ఉప్పు డబ్బాలో వుంటుంది కాని ఇంకెక్కడుంటుంది?" అని జవాబు వచ్చేది. అందరం నవ్వేవాళ్ళం. ఆయనా నవ్వేవారు. అయితే సంగీత సభలకు ముందు వరసలో కూచునే మనిషి క్రమంగా సభలకు వెళ్ళడం మానేశారు. అడిగితే "ఇప్పటివాళ్ళేం పాడతారు!" అనేవారు. నలుగురిలో ఎవరేమన్నా "ఆఁ, ఆఁ" అని తలవూపి ఊరుకునేవారు. అబ్బాయి కొనిచ్చిన చెవిమిషను బీరువా సొరుగులోంచి బయటికి రాలేదు. అది పెట్టుకుంటే చెవిటివాడినని ఒప్పుకున్నట్టేనని ఆయన బాధ. లండనూ పారిస్ కాదని ఆయన వియన్నా అని పట్టుబట్టారంటే కారణం నాకు తెలుసు. సంగీతానికి పుట్టిల్లనిపించుకున్న ఊరు కదా, కాస్తో కూస్తో వినపడుతూండగానే చూడాలని. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. చెవిమిషను మాత్రం నా చీరల మడతలో పెట్టి తెచ్చాను.

మొదటిరోజు ఆయన కోరినది సెయింట్ స్టీఫెన్ దేవాలయం. వియన్నా నడిబొడ్డున వుంటుంది. దక్షిణ గోపురం ఎత్తు 136 మీటర్లు. పై గదికి చేరాలంటే 343 మెట్లు ఎక్కాలి. మెట్లు గుండ్రంగా, ఇరుగ్గా తిరుగుతాయి. నాబోటివాళ్ళు దిగులుపడనక్కరలేదు. ఉత్తర గోపురం పొట్టిదే అయినా లిఫ్టు వుంది. పైనుంచి చూస్తే ఊరూ కనిపిస్తుంది, రంగురంగుల పెంకులతో అల్లిన ఆ గుడి కప్పూ కనిపిస్తుంది. పెంకులు సుమారు 2,30,000 వుంటాయట. అద్దకం చీర ఆరేసినట్టుంటుంది.

ఆ ఉత్తర గోపురంలోనే "పుమ్మెరిన్" అనే పెద్ద గంట వుంది. దాని కథ వినదగ్గది. 1683లో తురుష్కులు వియన్నాను ముట్టడించి ఓడిపోయి వెళ్ళారు. వాళ్ళు వదిలిపోయిన ఫిరంగులను కరిగించి 1711లో గంట పోశారు. 1945 ఏప్రిల్‌లో, యుద్ధం ముగిసే రోజుల్లో, గుడికి మంటలంటుకుని కప్పంతా కాలిపోయింది. గంట కిందపడి ముక్కలైంది. ఆ ముక్కలనే కరిగించి 1951లో మళ్ళీ గంట పోసి, మరుసటి సంవత్సరం వియన్నాకు తెచ్చారు. బరువు 20 టన్నులకు పైమాట. దీన్ని రోజూ మోగించరు. కొత్త సంవత్సరం వచ్చే అర్ధరాత్రివంటి పెద్ద సందర్భాలకే మోగిస్తారు. మావారు గంట పక్కన చాలాసేపు నిలబడ్డారు. "దీని మోత నాకు కూడా వినపడుతుందేమో" అన్నారు. తన చెవుల సంగతి తానుగా ఎత్తడం అదే మొదటిసారి. నేను మాట మార్చలేదు, పొడిగించలేదు.

నేను కోరినది అక్కడికి దగ్గరలోనే, కపూచిన్ సన్యాసుల చర్చి కింద వున్న నేలమాళిగ. హాప్స్‌బర్గ్ వంశపు రాజులూ రాణులూ నూటయాభైమంది దాకా అక్కడ వున్నారు. సెలవుల్లో సమాధులేమిటని మావారు సణిగారు కాని నాకు మరియా తెరీసాను చూడాలని వుంది. ఆవిడ నలభై సంవత్సరాలు రాజ్యమేలింది, పదహారుమంది పిల్లల్ని కన్నది. ఫ్రాన్సులో 1793లో తల తీయించుకున్న మరీ ఆంత్వానెత్ ఆ పదహారుమందిలో ఒకతే.

ఆవిడా భర్త ఫ్రాన్సిసూ ఒకే పెద్ద లోహపు పేటికలో వున్నారు. 1754లో, ఇద్దరూ బతికి వుండగానే, బాల్తజార్ మోల్ అనే శిల్పి చేసిన పేటిక అది. సాధారణంగా సమాధులమీద బొమ్మలు కళ్ళు మూసుకుని వెల్లకిలా పడుకుని వుంటాయి. వీళ్ళిద్దరూ సగం లేచి, అప్పుడే మెలకువ వచ్చినట్టుగా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. వాళ్ళ కాళ్ళ దగ్గర కొడుకు రెండో జోసెఫ్ వున్నాడు. ఆయనా చక్రవర్తే కాని, ఆయన పేటికమీద ఏ అలంకారమూ లేదు. ఒట్టి రాగిరేకు పెట్టె. తల్లికి ఆడంబరం, కొడుకుకి పొదుపు. ఏ ఇంట్లోనైనా చూడండి, తరం మారితే అంతే కదా!

ఫ్రాన్సిస్ 1765 ఆగస్టు 18న ఇన్స్‌బ్రుక్‌లో, కొడుకు పెళ్ళి వేడుకలు జరుగుతూండగా, హఠాత్తుగా పోయాడు. మహారాణి జుట్టు కత్తిరించుకుని, తాను 1780లో పోయేదాకా నల్లబట్టలే కట్టింది. తన ప్రార్థన పుస్తకంలో ఒక లెక్క రాసి పెట్టుకుంది. తమ కాపురం ఎన్నాళ్ళు సాగిందన్న లెక్క. 29 సంవత్సరాల 6 నెలల 6 రోజులు. అంటే 10,781 రోజులు. అంటే 2,58,744 గంటలు.

ఈ సంగతి చెప్పగానే మావారు సణుగుడు మాని టిక్కెట్టు వెనకవైపు గుణకారం వేశారు. "ఇరవైనాలుగు పెట్టి గుణిస్తే సరిపోయింది! రాణిగారు గుమాస్తాని పెట్టుకోలేదన్నమాట, తనే వేసుకుంది" అన్నారు. తరవాత లీపు సంవత్సరాలతో సహా మా లెక్క కూడా వేశారు. నలభైఒక్క సంవత్సరాలకి 14,975 రోజులు తేలాయి. "ఇదిగో, మహారాణి కంటే మనమే ముందున్నాం" అన్నారు. ఆ నేలమాళిగలో గట్టిగా నవ్వకూడదు కనక కొంగు అడ్డం పెట్టుకున్నాను.

రెండోరోజు ఆయన హైలిగెన్‌స్టాట్ వెళదామన్నారు. అది జాబితాలో పదిహేడో నెంబరు. ఒకప్పుడు ఊరిబయట ద్రాక్షతోటల పల్లె. ఇప్పుడు వియన్నాలో కలిసిపోయింది. యు-4 రైలు చివరిదాకా వెళితే ఆ పేరుగల స్టేషనే వస్తుంది. అక్కడినుంచి బస్సు వుంది. వియన్నా రైళ్ళల్లో లోపలికి పోనివ్వకుండా ఆపే గేట్లు వుండవు. అలా అని టిక్కెట్టు జేబులో వుంటే చాలదు. కాగితపు టిక్కెట్టును ముందుగా నీలంపెట్టెలో దూర్చి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకుండా పట్టుబడితే నూరు యూరోలకు పైగా జుల్మానా. 24 గంటల టిక్కెట్టు ఒకటి కొనుక్కుంటే రైలూ, ట్రామూ, బస్సూ అన్నిటికీ చెల్లుతుంది.

హైలిగెన్‌స్టాట్‌లో ప్రోబుస్‌గాసె అనే సందులో చిన్న లోగిలి వుంది. మధ్య ముంగిలి, చుట్టూ గదులు. కోనసీమ మండువా ఇళ్ళు గుర్తుకొచ్చాయి నాకు. 1802 వేసవిలో బీథోవెన్ ఆ పల్లెలో గడిపాడు. ఆ ఇల్లు ఇప్పుడు ఆయన పేరున మ్యూజియం. సోమవారం సెలవు, చూసుకుని వెళ్ళాలి. అప్పటికి ఆయనకు ముప్ఫై ఒక్క యేళ్ళు. పియానో వాయించడంలో వియన్నాలో ఆయనకు ఎదురులేదు. కాని అంతకు నాలుగైదేళ్ళ ముందునుంచే చెవులు పోవడం మొదలైంది. పల్లెటూళ్ళో చెవులకు విశ్రాంతినిస్తే నయమవుతుందని వైద్యుడు పంపాడు. నయం కాలేదు. అక్టోబరులో తమ్ముళ్ళిద్దరికీ ఒక ఉత్తరం రాశాడు. దాన్ని పంపనేలేదు. 1827లో ఆయన పోయాక కాగితాల్లో దొరికింది. అసలు ప్రతి జర్మనీలో హాంబర్గు గ్రంథాలయంలో వుంది. మాటలు మాత్రం ఇక్కడ చదువుకోవచ్చు.

ఆ ఉత్తరంలో ఏముందంటే, తనను అందరూ గర్విష్ఠి అనీ, మనుషులంటే గిట్టనివాడనీ అనుకుంటున్నారనీ, అసలు కారణం ఎవరికీ తెలియదనీ రాసుకున్నాడు. నలుగురిలో కొంచెం గట్టిగా మాట్లాడండి, నాకు వినపడదు అని చెప్పుకోలేకపోతున్నానని రాసుకున్నాడు. పక్కనున్నవాడికి దూరాన పిల్లనగ్రోవి వినపడుతూంటే తనకేమీ వినపడక కుమిలిపోయిన సంగతి రాశాడు. ప్రాణం తీసుకుందామనుకున్నాడట. తనలోని సంగీతమంతా బయట పెట్టకుండా పోవడానికి మనసొప్పక ఆగిపోయాడట. ఆ తరవాత ఇరవైనాలుగు సంవత్సరాలు బతికాడు. ఆయన తొమ్మిది సింఫనీల్లో మూడోదాని దగ్గరనుంచి తొమ్మిదోదాని దాకా ఆ ఉత్తరం తరవాతివే. 1824 మే 7న తొమ్మిదో సింఫనీ మొదటిసారి వాయించినప్పుడు ఆయనకు పూర్తిగా చెవుడు. వెనక జనం చప్పట్లు కొడుతూంటే తెలియక అటు తిరిగే నిలబడ్డాడట. పాడిన అమ్మాయి ఒకతె ఆయన్ను పట్టుకుని జనంవైపు తిప్పిందట. అప్పుడు చప్పట్లను కళ్ళతో చూశాడు.

సరిగా ఆ కాలంలోనే మన త్యాగరాజస్వామి తిరువయ్యారులో తెలుగు కృతులు పాడుకుంటున్నాడు. ఆయన 1767లో పుట్టాడు, బీథోవెన్ 1770లో పుట్టాడు. ఒకరి సంగతి ఒకరికి తెలిసే దారే లేదు. మావారు ఆ గదిలో ఈ మాటే అన్నారు. తరవాత ఉత్తరం దగ్గరే చాలాసేపు వుండిపోయారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి చదివారు. నేను ముంగిట్లోకి వచ్చి బెంచీమీద కూచున్నాను.

నేను కోరినది ఆ రోజు సులువైనది. అక్కడికి దగ్గర్లో ఒక సన్నటి వాగు పక్కన కాలిబాట వుంది. బీథోవెన్ రోజూ నడిచిన దారి కనక ఆయన పేరే పెట్టారు. పల్లెసీమమీద ఆయన రాసిన ఆరో సింఫనీలో వాగు ఒడ్డున సన్నివేశం ఒకటి వుంది. ఆ వాగు ఇదేనని చెబుతారు. చెట్లమీద పిట్టలు కూస్తున్నాయి. "పిట్టలున్నాయా?" అని అడిగారు మావారు. "వున్నాయండీ, చాలా వున్నాయి" అన్నాను. ఎక్కడెక్కడ వున్నాయో చేత్తో చూపించాను.

మధ్యాహ్నం ఊళ్ళోకి వచ్చి కాఫీ హోటల్లో కూచున్నాము. వియన్నా కాఫీ హోటలంటే మన ఊళ్ళోలాగా తాగి లేచిపొమ్మనే చోటు కాదు. ఒక్క కాఫీ తీసుకుని రెండు మూడు గంటలు కూచున్నా లేవమనరు. కర్రచట్రానికి తగిలించిన పత్రికలు చదువుకోవచ్చు. ఈ కాఫీహోటళ్ళ సంప్రదాయాన్ని 2011లో ఆస్ట్రియా తన సాంస్కృతిక వారసత్వ పట్టికలో చేర్చింది. "మెలాంజ్" అంటే పాలనురగతో వచ్చే కాఫీ. మన ఫిల్టరు కాఫీకి దగ్గరచుట్టం. దానితో చిన్న పళ్ళెంలో ఒక గ్లాసు మంచినీళ్ళు తెచ్చిపెడతారు. ఆ నీళ్ళు ఆల్ప్స్ కొండల్లోని ఊటలనుంచి వచ్చేవి. 1873లో వేసిన కాలువ ఒకటి, 1910లో వేసినది మరొకటి. కొండమీదనుంచి వాలుకి అవే దిగి వస్తాయి. కొళాయి నీళ్ళు నిశ్చింతగా తాగవచ్చు, సీసాలు కొని డబ్బు తగలెయ్యనక్కరలేదు.

శాకాహారులకు ఒక మాట. కూరగాయల సూప్ అని వుంటే నమ్మి తెప్పించకండి, మాంసం కాచిన నీళ్ళతో చేస్తూంటారు. అడిగి తెలుసుకోవాలి. ఆపిల్ స్ట్రూడెల్ అనే తీపి వంటకం బాగుంటుంది. దాని పిండిని, కింద పత్రిక పెడితే చదువుకునేటంత పల్చగా సాగదీయాలంటారు. మన ఆత్రేయపురం పూతరేకులకు అక్కడి అప్పచెల్లెలన్నమాట. బజార్లో తియ్యటివి కాని పెరుగు డబ్బాలు దొరుకుతాయి. గదిలో కాస్త అన్నం వండుకునే ఏర్పాటు వుంటే ఇక దిగులు లేదు.

ఆ హోటల్లో నల్లకోటు తొడుక్కున్న సర్వరు వచ్చి ఏదో అడిగాడు. ఇంగ్లీషే, కాని గబగబా అన్నాడు. ఇలాంటప్పుడు మావారు "ఆఁ, ఆఁ" అంటారు. కాఫీ అడిగితే టీ వస్తుంది, వచ్చింది తాగి ఊరుకుంటారు. నేను జవాబు చెప్పబోతున్నాను. ఆయన నా చెయ్యిమీద చెయ్యివేసి ఆపారు. సర్వరు వంక చూసి, "క్షమించండి, నాకు సరిగా వినపడదు. కొంచెం గట్టిగా చెప్పండి" అని ఇంగ్లీషులో అన్నారు.

సర్వరు ఏమాత్రం ఆశ్చర్యపడలేదు. వంగి, నెమ్మదిగా, గట్టిగా మళ్ళీ చెప్పాడు. కాఫీలోకి మీగడ కావాలా అని అడిగాడంతే. మావారు అక్కరలేదన్నారు. అతను వెళ్ళిపోయాడు. రెండేళ్ళుగా మా ఇంట్లో ఎవరం చెప్పించలేకపోయిన మాట అది. నేను స్ట్రూడెల్ ముక్క కోయడంలో మునిగిపోయినట్టు నటించాను.

మూడోరోజు పొద్దున్న నేను కోరిన బొమ్మల మ్యూజియం. 1891లో తెరిచిన పెద్ద భవనం. అన్ని గదులూ చూడాలంటే రోజు చాలదు, కాళ్ళూ చాలవు. మేము ఒక్క గదికే వెళ్ళాము. పదహారో శతాబ్దపు చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ వేసిన బొమ్మలు పన్నెండు ఆ మ్యూజియంలో వున్నాయి. ప్రపంచంలో మరెక్కడా ఆయన చిత్రాలు ఒకేచోట అన్ని లేవు. రైతుల పెళ్ళివిందు బొమ్మ ఒకటి వుంది చూడండి, మన పెళ్ళిపంక్తే! తలుపురెక్క ఊడదీసి, దానిమీద పళ్ళేలు పేర్చి ఇద్దరు మోసుకొస్తున్నారు. తలమీద నెమలీక పెట్టుకున్న పసివాడు వేళ్ళు నాకుతున్నాడు. బూరవాయించేవాడు వాయించడం మరిచి పళ్ళేలవంక చూస్తున్నాడు. పెళ్ళికూతురు మాత్రం చేతులు కట్టుకుని ఎవరి గొడవా పట్టనట్టు కూచుంది. పెళ్ళికొడుకు ఎవరో ఇప్పటికీ పండితులు తేల్చలేకపోతున్నారట. గంటసేపు ఆ గదిలోనే కూచున్నాము. తక్కిన గదులకు దణ్ణం పెట్టి బయటికి వచ్చాము.

సాయంత్రం ఆయన కోరినది: ఆపెరా. 1869లో తెరిచిన ఈ నాటకశాల 1945 మార్చి 12న బాంబులకు కాలిపోయింది. మళ్ళీ కట్టి, 1955 నవంబరు 5న తెరిచారు. ఆ రోజు ఆడింది బీథోవెన్ రాసిన ఒకే ఒక్క ఆపెరా "ఫిడేలియో". ఒక ఇల్లాలు మగవేషం వేసుకుని వెళ్ళి, చెరలో వున్న భర్తను విడిపించుకునే కథ. మన సావిత్రి యముడితో వాదించి గెలిచింది, ఈవిడ జైలరు దగ్గర నౌకరీకి కుదిరి గెలిచింది.

సీటు టిక్కెట్ల ధర వింటే గుండె ఆగుతుంది. నిలబడి చూసేవాళ్ళకు నాలుగువందలకు పైగా చోట్లున్నాయి. వాటి టిక్కెట్టు ఎన్నోవంతులు చవక. లోపలికి వెళ్ళగానే ముందున్న కమ్మీకి మెడగుడ్డో, జేబురుమాలో కడితే ఆ చోటు మనదే. మన బస్సుల్లో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టడం వుందే, అది యూరప్‌లో, అదీ రాజులు కూచున్న నాటకశాలలో కనిపిస్తుందని అనుకోలేదు. మావారి మఫ్లరు కట్టాము. ప్రతి చోటు ముందూ చిన్న తెర వుంటుంది. పాడే మాటలకు ఇంగ్లీషు అర్థం అందులో వస్తూంటుంది. ఆ రాత్రి మోజార్టు "ఫిగరో పెళ్ళి". ఈ ఊళ్ళోనే 1786లో మొదట ఆడిన ఆపెరా అది.

దీపాలు తగ్గించేముందు చేతిసంచీలోంచి చెవిమిషను తీసి కమ్మీమీద పెట్టాను. ఏమీ అనలేదు. ఆయన దానివంక చూశారు, నావంక చూశారు. "ఇది బీరువాలో వుండాలే!" అన్నారు. తీసి చెవికి పెట్టుకున్నారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. చెవిమిషను మాయాదీపం కాదు. పక్కవాళ్ళ దగ్గూ, కాగితాల గలగలా కూడా దానిలో పెద్దగా వినపడతాయి. అలవాటు పడటానికి వారాలు పడుతుంది, సంగీతానికి సరిపడేట్టు దానిని సవరించి పెట్టించుకోవాలి కూడా. అయినా ఒక ఆడగొంతు పై స్థాయికి వెళ్ళి నిలబడినప్పుడు ఆయన తల పక్కకి వాల్చారు. మా ఊరి సభల్లో ముందు వరసలో వాల్చినట్టే. తాళం వేయడానికి తొడమీద చెయ్యి లేచింది. అది మన తాళం కాదని తెలిసి ఆగిపోయింది.

విరామం రాగానే నా మోకాళ్ళు ఇక చాలన్నాయి. ఇంకా సగం ఆట వుంది. "మీరుండి చూసిరండి, నేను కింద కూచుంటాను" అన్నాను. ఆయన మఫ్లరు విప్పి మెడకు చుట్టుకున్నారు. "విన్నంత విన్నాను, పద" అన్నారు. ట్రాము ఎక్కి బసకు వచ్చేశాము. దారిలో ఆయనతో మామూలు గొంతుతో మాట్లాడాను. ఎన్నాళ్ళకో!

ఇక చదువరులకు నాలుగు మాటలు. విదేశాల్లో చివరి రోజులు మిగిలినప్పుడు జాబితాకి బాకీ తీర్చాలని పరుగెత్తకండి. రోజుకి మీరొకటి, వారొకటి కోరుకోండి. ఎదుటివారు కోరినది మీకు రుచించకపోయినా కూడా వెళ్ళండి. వాళ్ళు దానిని ఎందుకు కోరుకున్నారో అక్కడ తెలుస్తుంది. సామాన్లు కొనవలసినవి శనివారమే కొనుక్కోండి. ఆదివారం వియన్నాలో దుకాణాలు మూసే వుంటాయి.

ఇంట్లో పెద్దవాళ్ళు ప్రతిదానికీ "ఆఁ, ఆఁ" అంటున్నారేమో, టి.వి. మోత రోజురోజుకీ పెంచుతున్నారేమో గమనించండి. నవ్వకండి, నవ్వినకొద్దీ వాళ్ళు దాచుకుంటారు. ఒకసారి చెవుల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళి పరీక్ష చేయించండి. అందుకు వియన్నా దాకా వెళ్ళనక్కరలేదు.

మావారి అరఠావు కాగితంలో పధ్నాలుగు నెంబర్లు చూడకుండానే మిగిలిపోయాయి. దానిని మడిచి బ్యాంకు పాసుపుస్తకంలో పెట్టుకున్నారు. మళ్ళీ వెళతామో లేదో చెప్పలేను. చెవిమిషను మాత్రం ఇప్పుడు సొరుగులో లేదు. పొద్దున్నే పెరట్లో కాఫీ తాగుతూ, "ఆ కూసేది ఏమిటే?" అని అడుగుతున్నారు. జెముడుకాకి అని చెబుతున్నాను.